పడవకీ పడవకీ మధ్య ఎంత ఎడం?

ఈ పూట లంగరు గురించి మాట్లాడుకుందాం. లంగరు ఎలా వెయ్యాలో మన మత్స్యకారులకి ఒకరు నేర్పనక్కర్లేదు. తాతల నాటి నుంచి చేతికి వచ్చిన విద్య అది. నేను చెప్పదలచుకున్నది అందులో ఒకే ఒక సంగతి. లంగరు వేసేటప్పుడు పక్క పడవకి ఎంత ఎడం ఇవ్వాలి? ఆ ఎడాన్ని ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలి? కాకినాడ తీరాన్నే తీసుకోండి. అక్కడ హోప్ ఐలాండ్ ఉంది. గోదావరి తెచ్చిపోసిన ఇసుకతో ఏర్పడ్డ దిబ్బ అది. పొడవు సుమారు 16 కిలోమీటర్లు. ఆ దిబ్బ అడ్డుగా ఉండబట్టి లోపలి నీళ్ళు బయటి సముద్రం కంటే నెమ్మదిగా ఉంటాయి. ఆ చాటుకి వేట బోట్లు వస్తాయి. ఫైబరు పడవలు వస్తాయి. లంగరు వేసి ఉన్న ఓడల దగ్గరికీ రేవుకీ మధ్య సరుకు మోసే బార్జీలూ తిరుగుతాయి. నెమ్మదైన నీళ్ళు దొరికిన చోటికే అందరూ చేరతారు. చేరినకొద్దీ మధ్య జాగా తగ్గుతుంది. గిలకలదిండిలోనైనా, నిజాంపట్నంలోనైనా, విశాఖలోనైనా ఇదే తీరు. అందుకే ఈ మాట అందరికీ పనికొస్తుందని నా నమ్మకం. ముందే ఆ మాట చెప్పేస్తాను. పడవ ఇప్పుడు ఎక్కడ ఉందో చూసి ఎడం కొలవకూడదు. ఆ పడవ ఎక్కడిదాకా తిరగగలదో చూసి కొలవాలి. ఈ ఒక్క మాట గుర్తుంటే చాలు. మిగిలినవన్నీ దాని వెంటే వస్తాయి.

ఇది తేలిగ్గా అర్థం కావాలంటే ఒక్కసారి పొలం గట్టుకి వెళ్దాం. ఒక రైతు గుంజ పాతి గేదెని కట్టాడు. పలుపుతాడు ఎంత పొడుగుంటే గేదె అంత మేర గుండ్రంగా తిరిగి మేస్తుంది. పొద్దున గుంజకి తూర్పున మేసింది. మధ్యాహ్నానికి నీడ చూసుకుని పడమటికి వెళ్ళి పడుకుంది. అప్పుడు రెండో రైతు వచ్చాడు. తూర్పున జాగా అంతా ఖాళీగా కనబడింది. అక్కడే తన గుంజ పాతి తన గేదెని కట్టాడు. ఆ క్షణాన ఏ ఇబ్బందీ లేదు. రెండింటి మధ్యా బోలెడు దూరం ఉంది. సాయంత్రానికి మొదటి గేదె లేచి మళ్ళీ తూర్పుకి వచ్చింది. రెండు పలుపులూ పెనవేసుకున్నాయి. కొమ్ములు కలిశాయి. తప్పు ఎవరిది? మొదటి గేదె తన పలుపు మేరలోనే తిరిగింది. రెండో రైతు ఖాళీ జాగా చూశాడే గానీ, మొదటి గుంజ ఎక్కడుందో చూడలేదు. పలుపు ఎంత పొడుగో చూడలేదు. లంగరు వేసిన పడవ సంగతీ అచ్చం ఇంతే. లంగరే గుంజ. లంగరు తాడే పలుపు. తేడా ఒక్కటే. గుంజ మన కళ్ళకి కనబడుతుంది. లంగరు నీళ్ళ అడుగున ఉంటుంది, కనబడదు. కనబడదు కాబట్టే అడిగి తెలుసుకోవాలి, లెక్క కట్టుకోవాలి.

ఇప్పుడు ఆ లెక్క చూద్దాం. పెద్ద లెక్కేమీ కాదు. లంగరు నేలని పట్టుకోవాలంటే తాడు దాన్ని అడ్డంగా లాగాలి. నేలబారున లాగితే లంగరు కొక్కేలు బురదలోకి ఇంకా దిగుతాయి. పైకి లాగితే ఊడి వచ్చేస్తాయి. లంగరుని మనం పైకి తీసేటప్పుడు చేసేది కూడా అదేగా. పడవని సరిగ్గా లంగరు మీదికి తెచ్చి నిట్టనిలువుగా లాగుతాం. అందుకని పడవ ఆగి ఉండాలంటే తాడు ఏటవాలుగా, బాగా పొడుగ్గా వదలాలి. ఓడల వాళ్ళ వాడుక ఒకటుంది. మామూలు వాతావరణంలో అంతా గొలుసే అయితే లోతుకి 5 రెట్లు వదులుతారు. తాడు అయితే 7 రెట్లు. గాలి ముదిరితే 10 రెట్ల దాకా వెళ్తారు. లోతు అంటే నీటి లోతు ఒక్కటే కాదు. నీటి మట్టం నుంచి పడవ ముక్కు దాకా ఉన్న ఎత్తు కూడా కలపాలి. పోటుకి పెరిగే నీరు కూడా కలపాలి. ఒక ఉదాహరణ చెప్తాను, వినండి. నీటి లోతు 4 మీటర్లు అనుకుందాం. పడవ ముక్కు ఎత్తు 1 మీటరు. పోటుకి ఇంకో మీటరు. మొత్తం 6 మీటర్లు. దానికి 7 రెట్లు అంటే 42 మీటర్ల తాడు. పడవ పొడవు ఇంకో 10 మీటర్లు. అంటే ఆ పడవ వెనక కొస లంగరు నుంచి సుమారు 52 మీటర్ల దూరం దాకా వెళ్ళగలదు. ఏ దిక్కుకైనా వెళ్ళగలదు. మళ్ళీ చెప్తున్నాను. 4 మీటర్ల నీళ్ళలో ఆగిన 10 మీటర్ల పడవకి చుట్టూ 50 మీటర్ల పైనే మేర కావాలి. పక్క పడవకీ అంతే మేర ఉంటే, రెండు లంగర్ల మధ్య 100 మీటర్ల పైనే ఉండాలి. అప్పుడు ఏ గాలి ఎటు తిప్పినా రెండూ తగలవు.

ఇక్కడ అనుభవం ఉన్న సరంగు ఒక మాట అడుగుతాడు. గాలి తిరిగితే అన్ని పడవలూ కలిసే తిరుగుతాయి కదా, మరీ అంత ఎడం ఎందుకు అంటాడు. న్యాయమైన ప్రశ్న. ఒకే రకం పడవలు, ఒకే పొడుగు తాళ్ళు, ఒకే లోతు అయితే ఆయన మాట నిజం. వరసగా అన్నీ ఒకే వైపు మొహం తిప్పుతాయి. అక్కడ మేరలు కొంత ఒకదాని మీదికి ఒకటి వచ్చినా ప్రమాదం లేదు. కానీ మన రేవుల్లో అన్నీ ఒకే రకం పడవలు ఉండవు. సరుకు నిండిన బార్జీ నీళ్ళలో లోతుగా కూర్చుంటుంది. అది నీటి లాగుడు ఎటుంటే అటు తిరుగుతుంది. ఖాళీ ఫైబరు పడవ నీటి మీద తేలుతూ ఉంటుంది. అది గాలి ఎటుంటే అటు తిరుగుతుంది. గొలుసు మీద ఉన్న బోటు గొలుసు బరువుకి ఉన్నచోటే నెమ్మదిగా కదులుతుంది. తాడు మీద ఉన్న పడవ తాడు సాగినంత మేరా ఊగులాడుతుంది. పోటు తిరిగి పాటు మొదలయ్యే వేళ చూడండి. గాలి ఒక వైపు, నీటి లాగుడు ఇంకో వైపు. బార్జీ తూర్పుకి తిరిగితే ఫైబరు పడవ పడమటికి తిరుగుతుంది. అమావాస్యకీ పౌర్ణమికీ నీటి లాగుడు ఇంకా ఎక్కువ. దీనికి తోడు మన తీరంలో గాలి పూటపూటకీ మారుతుంది. పగలు సముద్రం మీది నుంచి ఒడ్డుకి వీస్తుంది. రాత్రి ముదిరాక ఒడ్డు నుంచి సముద్రం మీదికి వీస్తుంది. అంటే సాయంత్రం వేసిన లంగరు మీద పడవ తెల్లారేసరికి అర్ధచంద్రాకారంలో తిరిగిపోయి ఉంటుంది. సాయంత్రం చూసిన ఎడం తెల్లవారుజామున ఉండదు. అందరూ నిద్రలో ఉండే వేళ అది. కాబట్టి మన పడవ లాంటి పడవల పక్కనే ఆగడం మేలు. వేరే రకం పడవ పక్కన ఆగాల్సి వస్తే పూర్తి మేర వదలాల్సిందే.

రెండో ప్రశ్న ఇంకా తరచుగా వినబడుతుంది. తాడు ఎక్కువ వదిలితే మేర పెరుగుతోంది కాబట్టి, తాడు కురచ చేస్తే సరిపోతుంది కదా అంటారు. వినడానికి బాగుంది. కానీ ప్రమాదం అంతా ఈ ఆలోచనలోనే ఉంది. కురచ తాడు లంగరుని పైకి లాగుతుందని ఇందాక అనుకున్నాం. లోతుకి 7 రెట్ల తాడు వదిలితే, అది బిగిసినప్పుడు నేలతో చేసే కోణం 8 డిగ్రీలు. 3 రెట్లే వదిలితే 20 డిగ్రీల దాకా లేస్తుంది. కెరటం వచ్చి పడవ ముక్కుని లేపిన ప్రతిసారీ ఆ తాడు లంగరుని కుదిపి లేపుతుంది. పైగా గాలి బలం ఎలా పెరుగుతుందో గమనించండి. గాలి వేగం రెండింతలైతే పడవ మీద దాని తోపు నాలుగింతలవుతుంది. సాయంత్రం చల్లగాలికి ఆగిన లంగరు అర్ధరాత్రి ఈదురుగాలికి ఆగుతుందన్న భరోసా లేదు. కురచ తాడు మీద ఉన్న పడవ పక్కవాడికి జాగా మిగిల్చినట్టు కనబడుతుంది. గాలి రేగితే లంగరుతో సహా వచ్చి పక్కవాడి మీదే పడుతుంది. 2020 అక్టోబరులో విశాఖలో ఏం జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటిన రోజులవి. విశాఖ రేవు బయట లంగరు వేసి ఉన్న ‘ఎం.వి. మా’ అనే బంగ్లాదేశ్ సరుకు ఓడ పట్టు తప్పింది. కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకి ఎక్కింది. సుమారు 80 మీటర్ల ఇనప ఓడ అది. ఓడకే అలా జరిగితే మన పడవలకి చెప్పాలా? ఆ దారిలో ఇంకో పడవ లంగరు వేసి ఉంటే దాని గతి ఏమిటి? కాబట్టి తాడు కురచ చెయ్యకండి. జాగా చాలకపోతే జాగా మార్చండి. తాడు మాత్రం తగ్గించకండి.

ఇక మర్యాద సంగతికి వద్దాం. సముద్రం మీద తిరిగేవాళ్ళలో ఒక పాత కట్టుబాటు ఉంది. ముందు వచ్చి లంగరు వేసినవాడిదే ఆ మేర. తర్వాత వచ్చినవాడు దానికి లోబడి తన జాగా వెతుక్కోవాలి. ముందున్నవాడు 60 మీటర్ల తాడు వదిలి ఉంటే అది వాడి హక్కు. కాస్త తాడు లాక్కోమని మనం గట్టిగా అడగకూడదు. రెండు పడవలూ తగిలేలా ఉంటే వెనక వచ్చినవాడే లంగరు ఎత్తుకుని కదలాలి. ఈ కట్టుబాటులో పెద్ద పడవ, చిన్న పడవ అన్న భేదం లేదు. చిన్న నావ ముందు వచ్చి ఉంటే పెద్ద బోటు దాని మేరని గౌరవించాలి. బలం ఉంది కదా అని నెట్టుకుని ఆగడం మర్యాద కాదు. మరి నీళ్ళ అడుగున ఉన్న లంగరు ఎక్కడుందో తెలిసేదెలా? నోరు తెరిచి అడగడమే. ఇంజను నెమ్మది చేసి పక్కనుంచి వెళ్తూ అడగండి. “అన్నా, ఎంత తాడు వదిలావు? లంగరు ఎటుంది?” ఈ రెండు ముక్కలు చాలు. అడిగినందుకు ఎవరూ చిన్నబుచ్చుకోరు. అడక్కుండా వచ్చి పక్కన పడేసినందుకే కోపం వస్తుంది. ముందున్నవాళ్ళ బాధ్యతా ఒకటుంది. అడిగినవాడికి ఉన్నదున్నట్టు చెప్పాలి. మరీ దగ్గరగా వేస్తుంటే వెంటనే కేక వెయ్యాలి. రాత్రి గుద్దుకున్నాక జరిగే తగువు కంటే సాయంత్రం వేసే కేక మంచిది.

జాగా తేలాక వేసే తీరు కూడా ముఖ్యమే. గాలికీ నీటి లాగుడుకీ ఎదురుగా నెమ్మదిగా రండి. ముందున్న పడవ మీ లాంటిదే అయితే దాని వెనక కొసకి చేరకముందే లంగరు దించండి, వేరే రకమైతే పూర్తి మేర వదిలి దించండి. దించి, వెనక్కి జారుతూ తాడు వదలండి. అప్పుడు మీ పడవ వాళ్ళ పడవకి కనీసం తాడంత దూరాన ఆగుతుంది. తాడంతా వదిలాక ఇంజను కాస్త వెనక్కి వేసి లంగరు బిగిసిందో లేదో చూడండి. అరచెయ్యి తాడు మీద ఆనించి ఉంచండి. లంగరు పట్టి ఉంటే తాడు నెమ్మదిగా బిగుస్తుంది, నెమ్మదిగా సడలుతుంది. లంగరు జారుతుంటే తాడు గడగడ వణుకుతుంది. గులకరాళ్ళ మీద ఈడ్చుకుపోతున్న లంగరు వణుకు చేతికి స్పష్టంగా తెలుస్తుంది. ఆ తర్వాత ఒడ్డు వైపు చూడండి. ఒకదాని వెనక ఒకటి ఉన్న రెండు గుర్తులు పట్టండి. ముందు ఒక తాటిచెట్టు, వెనక ఒక గుడి గోపురం. పడవకి పక్క వైపు, రెండూ ఒకే వరసలో కనబడేవి చూసుకోండి. కాసేపయ్యాక మళ్ళీ చూడండి. గాలి మారకుండానే ఆ వరస చెదిరిపోతూ ఉంటే మీ లంగరు జారుతోందని అర్థం. ఇప్పుడు జీపీఎస్ పరికరాల్లోనూ, ఫోన్లలోనూ లంగరు జారితే మోగే అలారం పెట్టుకోవచ్చు. అది ఉన్నవాళ్ళు తప్పకుండా వాడండి. తాడు పడవ అంచుని ఒరుసుకునే చోట పాత గుడ్డ గానీ పైపు ముక్క గానీ చుట్టండి. చాలా తాళ్ళు తెగేది అక్కడే. రాత్రికి దీపం మర్చిపోవద్దు. 1972 నాటి అంతర్జాతీయ నిబంధనల ప్రకారం, 50 మీటర్ల లోపు పడవ లంగరు మీద ఉంటే ఒక తెల్ల దీపం పెట్టాలి. ఎటు నుంచి చూసినా అది కనబడాలి. పగలైతే ముందు భాగంలో ఒక నల్ల బంతి గుర్తు వేలాడదీయాలి. 7 మీటర్ల లోపు పడవలకి కొంత మినహాయింపు ఉంది. అయితే ఇరుకు దారిలో గానీ, లంగరు రేవులో గానీ, దగ్గర్లో గానీ, పడవలు తిరిగే మరెక్కడైనా గానీ ఆ మినహాయింపు వర్తించదు. అదే నిబంధనలు ఇంకో మాటా చెప్తాయి. ఇరుకు కాలవలో వీలైనంత వరకూ లంగరు వెయ్యకూడదు. మన మొగల దగ్గర ఇది మరీ ముఖ్యం. పోటు చూసుకుని లోపలికి వచ్చే పడవలకి అదే దారి.

మూడో అభ్యంతరం అన్నింటికంటే బలమైనది. మీరు చెప్పిన జాగా రేవులో ఎక్కడుంది అంటారు. వేట నిషేధం రోజుల్లో, అంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, మరబోట్లన్నీ ఒక్కసారే రేవుకి చేరతాయి. తుఫాను హెచ్చరిక వచ్చినా అంతే. అప్పుడు 100 మీటర్ల ఎడం అనేది కలలో మాట. ఒప్పుకుంటాను. దానికి నా జవాబు ఇది. జాగా లేనప్పుడు లంగరు మీద విడివిడిగా ఆగకండి. పక్కపక్కన కట్టేసుకోండి. ముందూ వెనకా గట్టి తాళ్ళు వెయ్యండి. మధ్యలో పాత టైర్లు వేలాడదీయండి. అప్పుడు అన్ని బోట్లూ ఒకే ముద్దలా కదులుతాయి, ఒకదాన్నొకటి గుద్దుకోవు. విడిగా ఉంటే పూర్తి ఎడం ఉండాలి. కలిసి ఉంటే పూర్తిగా కట్టి ఉండాలి. చాలీచాలని ఎడంతో లంగరు మీద వదిలెయ్యడమే అన్నింటికంటే చెడ్డది. అయితే కట్టేసుకున్న చోట కూడా ఎడం అవసరం పూర్తిగా పోదు. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ చేపల రేవులో మంటలు లేచాయి. ఒక బోటు నుంచి పక్క బోటుకి పాకుతూ దాదాపు 40 బోట్లని మంట దెబ్బతీసింది. బోట్లలో డీజిలు ఉంటుంది, వంట గ్యాసు సిలిండర్లు ఉంటాయి, ఎండిన వలలు ఉంటాయి. అన్నీ ఒకే వరసలో అంటిపెట్టుకుని ఉంటే మంటని ఆపే చోటు ఉండదు. అందుకని కొన్ని బోట్లని ఒక జట్టుగా కట్టి, జట్టుకీ జట్టుకీ మధ్య నీటి దారి వదలాలి. ఆ దారిన మంట ఆర్పే పడవ వెళ్ళగలగాలి. ఇది ఒక్క సరంగు చెయ్యగలిగే పని కాదు. రేవు అధికారులూ, బోటు యజమానుల సంఘాలూ కూర్చుని వరసలు గీసుకోవాలి. ఆ గీతల్ని అందరూ పాటించాలి.

ఇంకొక మాట వినబడుతుంది. ఇన్నేళ్ళుగా ఇలాగే ఆగుతున్నాం, ఏమీ కాలేదు అంటారు. ఏమీ కాని రాత్రులు గాలి నెమ్మదిగా ఉన్న రాత్రులు. ఆ రాత్రులు మన లంగరుకి పరీక్ష పెట్టలేదు. పరీక్ష పెట్టే రాత్రి చెప్పి రాదు. రోజుల తరబడి వేట చేసి అలసి వచ్చినవాళ్ళకి ఈ లెక్కలన్నీ భారమే. ఆ అలసట నాకు తెలియనిది కాదు, దాన్ని తక్కువ చెయ్యను. కానీ అలసిపోయి వచ్చినవాళ్ళకే ఆ రాత్రి నిద్ర కావాలి. సరైన ఎడం ఇచ్చి వేసిన లంగరే ఆ నిద్రనిస్తుంది. తాడుకి ఖర్చవుతుందన్న మాటా నిజమే. కానీ ఫైబరు పడవకి ముక్కు దగ్గర పగులు వస్తే బాగుచేయించడానికి డబ్బూ పోతుంది, వేట రోజులూ పోతాయి. పగిలింది పక్కవాడి పడవ అయితే వాడి కుటుంబం కూలి కూడా పోతుంది. ఇంకో 20 మీటర్ల తాడు ఖర్చు దాని ముందు చిన్నదే.

శ్రోతలారా, మొదట చెప్పిన మాటే మళ్ళీ చెప్తాను. పడవ ఇప్పుడున్న చోటు చూసి ఎడం కొలవకండి. అది తిరగగల మేర అంతా చూసి కొలవండి. పక్కవాళ్ళ లంగరు ఎక్కడుందో అడగండి. తాడు సరిపడా వదలండి. ముందు వచ్చినవాళ్ళ మేరని గౌరవించండి. జాగా లేకపోతే గట్టిగా కట్టేసుకోండి, మధ్యలో నీటి దారి వదలండి. రాత్రికి తెల్ల దీపం పెట్టండి. ఈ సాయంత్రం రేవులో లంగరు దించే ప్రతి సరంగుకీ, ప్రతి కళాసీకీ నా విన్నపం ఒక్కటే. తాడు వదిలే ముందు ఒక్క నిమిషం ఆగి, పక్క పడవ వాళ్ళని ఒక్క మాట అడగండి.